ముందు ఎవరు చెల్లించాలి? మెడికేర్, రిటైరీ ప్లాన్, ఆసుపత్రి బిల్లు

(అమెరికాలో స్థిరపడి ఉద్యోగ విరమణ చేసిన తెలుగువారి సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

పెద్దలందరికీ నమస్కారం.

నేను చాలా ఏళ్లు ఆసుపత్రి బిల్లింగ్ విభాగంలో పనిచేసి, ఈమధ్యే రిటైరయ్యాను. ఇన్నాళ్లూ ఇతరులకు బిల్లులు పంపినవాడిని. ఇప్పుడు అవి నాకే వస్తున్నాయి. ఆ కాగితం మీది ప్రతి గడికీ అర్థం తెలిసిన నాకే కవరు చింపేటప్పుడు గుండె కొంచెం వేగంగా కొట్టుకుంటుంది. కనుక మీలో ఎవరైనా బిల్లు చూడగానే కంగారుపడి చెక్కు రాసేసి ఉంటే, అందులో సిగ్గుపడవలసిందేమీ లేదు. అయితే ఆ చెక్కు చాలాసార్లు రాయవలసిన సమయానికి ముందే రాసింది అయి ఉంటుంది. ఒక్కోసారి అసలు రాయనవసరమే లేనిదై ఉంటుంది.

ఈ పూట నా మాటలన్నీ ఒక్క ప్రశ్న చుట్టూనే తిరుగుతాయి. ఒక వైద్య ఖర్చుకు ముందు ఎవరు చెల్లించాలి, వారి తరువాత ఎవరు చెల్లించాలి, అందరూ చెల్లించాక మన వంతు ఎంత అన్నదే ఆ ప్రశ్న. కంపెనీ రిటైరీ ప్లాన్, అంటే రిటైరైనవారికి పాత కంపెనీ ఇచ్చే ఆరోగ్య ఇన్సూరెన్సు ఉన్నవారికి ఈ వరుస మరీ ముఖ్యం, ఎందుకంటే వారి చేతిలో మెడికేర్‌ది ఒకటి, కంపెనీది ఒకటి, రెండు కార్డులు ఉంటాయి, ఏది ముందు చూపాలో చాలామందికి తెలియదు.

మెడికేర్ అంటే ముఖ్యంగా అరవై ఐదు దాటినవారికి అమెరికా ప్రభుత్వం నడిపే ఆరోగ్య ఇన్సూరెన్సు. ఆ చట్టంపై అధ్యక్షుడు లిండన్ జాన్సన్ 1965 జూలై 30న మిస్సోరి రాష్ట్రంలోని ఇండిపెండెన్స్ పట్టణంలో, ట్రూమన్ గ్రంథాలయంలో సంతకం చేశారు. మొదటి కార్డు మాజీ అధ్యక్షుడు హ్యారీ ట్రూమన్‌కే ఇచ్చారు. 1966 జూలై 1న అమలులోకి వచ్చినప్పుడు దానికి రెండే భాగాలు: ఆసుపత్రి ఖర్చుకు పార్ట్ ఏ, డాక్టర్ల ఖర్చుకు పార్ట్ బీ. ఈ పాత విభజన ఇప్పటికీ మన బిల్లుల్లో కనిపిస్తుంది. ఆసుపత్రి తన క్లెయిమును, అంటే డబ్బు ఇమ్మని ఇన్సూరెన్సుకు పెట్టుకునే అర్జీని, యూబీ 04 అనే ఫారం నమూనాలో పంపుతుంది, డాక్టరు సీఎంఎస్ 1500 అనే నమూనాలో పంపుతాడు. నేడు దాదాపు అన్నీ ఎలక్ట్రానిక్ పద్ధతిలోనే వెళ్తాయి కానీ, దారులు మాత్రం రెండు. అందుకే ఒక్క మోకాలి ఆపరేషనుకు ఆసుపత్రి నుంచి ఒకటి, సర్జన్ నుంచి ఒకటి, మత్తు ఇచ్చిన డాక్టరు నుంచి ఒకటి, ఎక్స్‌రే చదివిన డాక్టరు నుంచి మరొకటి, ఇలా వేరువేరు బిల్లులు వస్తాయి. "ఒకే ఆపరేషనుకు నాలుగుసార్లు వసూలు చేస్తున్నారు" అని ఫోన్ చేసిన పెద్దలు నాకు చాలామంది తెలుసు. అది మోసం కాదు. నలుగురు మనుషులు, నాలుగు క్లెయిములు. అనుమానించవలసింది ఒకే తేదీకి, ఒకే డాక్టరు పేరున, ఒకే సేవ రెండుసార్లు కనిపించినప్పుడు.

క్లెయిము పంపవలసిన బాధ్యత మనది కాదు, డాక్టరుది లేదా ఆసుపత్రిది. సేవ అందించిన తేదీ నుంచి ఒక క్యాలెండరు సంవత్సరంలోగా వారు పంపాలి. గడువు దాటించి క్లెయిము తిరస్కరణకు గురైతే, మెడికేర్‌తో ఒప్పందంలో ఉన్న డాక్టరు ఆ సొమ్మును మన మీద వేయడానికి వీలు లేదు. క్లెయిము చేరేది వాషింగ్టన్‌కు కాదు. ఆయా ప్రాంతాలకు మెడికేర్ నియమించుకున్న కాంట్రాక్టరు కంపెనీలకు. వారు తమ ధరల పట్టిక చూసి ఒక మొత్తాన్ని ఆమోదిస్తారు. డాక్టరు వేసిన ధర ఎంతైనా, లెక్క మొదలయ్యేది ఈ ఆమోదిత మొత్తం నుంచే.

ఒక చిన్న ఉదాహరణ చూద్దాం. మీ వార్షిక డిడక్టిబుల్, అంటే మెడికేర్ చెల్లించడం మొదలుపెట్టకముందు మనమే కట్టుకోవలసిన మొత్తం (2025లో పార్ట్ బీకి 257 డాలర్లు), అప్పటికే పూర్తయిందనుకోండి. డాక్టరు 310 డాలర్లు వేశాడు, మెడికేర్ 140 ఆమోదించింది. అందులో 80 శాతం, అంటే 112 మెడికేర్ వంతు. 28 మన వంతు. మిగిలిన 170 డాలర్లు డాక్టరు వదులుకోవలసిందే. ఆయన అసైన్‌మెంట్ అంగీకరించిన, అంటే మెడికేర్ ఆమోదించిన మొత్తమే పూర్తి ధర అని ఒప్పుకున్న డాక్టరైతే ఆ సొమ్మును ఎవరి దగ్గరా అడగకూడదు. మెడికేర్ నుంచి వచ్చే వివరణ పత్రంలో మాత్రం చెల్లించిన మొత్తం 112 అని కాక 109 డాలర్ల 76 సెంట్లు అని ఉంటుంది. లెక్క తప్పిందని కాదు. 2013 నుంచి సమాఖ్య బడ్జెట్ కోత కింద మెడికేర్ తన చెల్లింపులో 2 శాతం తగ్గించుకుంటోంది. ఆ రెండు డాలర్ల పైచిలుకు నష్టం డాక్టరుది. మన వంతు 28 దగ్గరే ఆగుతుంది. ఈ రెండు డాలర్ల గురించి నాతో గంటసేపు వాదించిన ఒక రిటైర్డ్ అకౌంటెంటు గారున్నారు. ఆయన కూడిక సరైనదే, నా జవాబూ సరైనదే.

అసైన్‌మెంట్ అంగీకరించని డాక్టర్లు కొందరుంటారు. వారికి ఆమోదిత మొత్తం 5 శాతం తక్కువగా లెక్కించి, దాని మీద 15 శాతం వరకు అదనంగా తీసుకోనిస్తారు. పట్టిక ధర 100 డాలర్లయితే అది 95 అవుతుంది, దాని మీద గరిష్ఠంగా 109 డాలర్ల 25 సెంట్లు. మెడికేర్ వంతు 76 పోగా మన మీద 33 డాలర్ల 25 సెంట్లు పడతాయి. మెడికేర్‌ను పూర్తిగా వదులుకున్న డాక్టర్లు ఇంకొక రకం. వారితో రాతపూర్వక ఒప్పందం చేసుకుంటే ఖర్చంతా మనదే, మెడికేర్ పైసా ఇవ్వదు. అపాయింట్‌మెంట్ తీసుకునేటప్పుడు "మీరు మెడికేర్ తీసుకుంటారా" అని అడిగితే సరిపోదు. "అసైన్‌మెంట్ అంగీకరిస్తారా" అని అడగాలి.

ఇక అసలు విషయానికి వస్తాను. ఉద్యోగంలో ఉన్నంతకాలం, ఇరవై మందికి తగ్గకుండా ఉద్యోగులున్న కంపెనీ అయితే, అరవై ఐదు దాటినా కంపెనీ ఇన్సూరెన్సే ముందు చెల్లిస్తుంది, మెడికేర్ వెనక ఉంటుంది. రిటైరైన మరుక్షణం ఈ వరుస తిరగబడుతుంది. మెడికేర్ ముందుకు వస్తుంది, రిటైరీ ప్లాన్ వెనక్కి పోతుంది. కోబ్రా అనే చట్టం కింద పాత కంపెనీ ప్లాన్‌ను సొంత డబ్బుతో కొనసాగించేవారికి కూడా ఇదే వరుస. కార్డు మీద కంపెనీ పేరు అదే, ఇన్సూరెన్సు సంస్థ అదే, ఒక్కోసారి సభ్యత్వ సంఖ్య కూడా మారదు. మారిందల్లా ఈ వరుస ఒక్కటే, అది కార్డు మీద కనిపించదు.

వరుస ఇలా తిరగబడడాన్ని గమనించక దెబ్బతిన్న ఒకరి సంగతి చెబుతాను. పేరూ ఊరూ చెప్పను. ఇంజనీరుగా పనిచేసి రిటైరైన ఒక పెద్దమనిషి తన కంపెనీ రిటైరీ ప్లాన్ చాలా మంచిదన్న ధీమాతో, ప్రీమియం లేని పార్ట్ ఏ మాత్రం తీసుకుని, నెలనెలా ప్రీమియం కట్టవలసిన పార్ట్ బీ వద్దనుకున్నారు. రెండేళ్ల తరువాత ఆయనకు గుండె ఆపరేషను జరిగింది. ఆసుపత్రి బిల్లుకు చిక్కు రాలేదు. సర్జన్, మత్తు డాక్టరు, తరువాతి పరీక్షలు, ఇవన్నీ పార్ట్ బీ కిందివి. రిటైరీ ప్లాన్ వారు ఏం చేశారంటే, ఆయనకు పార్ట్ బీ ఉండి ఉంటే మెడికేర్ ఎంత ఇచ్చేదో అంతా ఇచ్చినట్టే లెక్కవేసి, మిగిలిన కొసరు మాత్రమే చెల్లించారు. ఆయన తరఫున నేనే ఫోన్ చేశాను. అవతల ఉన్న ఆవిడ ఎంతో మర్యాదగా, ప్లాన్ పుస్తకంలోని ఆ నిబంధనను పేజీ సంఖ్యతో సహా చదివి వినిపించింది. మెడికేర్‌కు అర్హత ఉన్నవారు చేరినా చేరకపోయినా చేరినట్టే పరిగణిస్తామని అందులో స్పష్టంగా ఉంది. అప్పీలు చేయడానికి ఏ ఆధారమూ మిగలలేదు.

ఆయన కష్టం అక్కడితో తీరలేదు. ఉద్యోగం మానేసిన తరువాత జరిమానా లేకుండా పార్ట్ బీలో చేరడానికి ఎనిమిది నెలల వ్యవధి మాత్రమే ఉంటుంది. రిటైరీ ప్లాన్ ఉన్నా, కోబ్రా ఉన్నా ఆ ఎనిమిది నెలలు ఆగవు, సాగవు. అది దాటితే జనవరి 1 నుంచి మార్చి 31 వరకు ఉండే సాధారణ నమోదు కాలం కోసం ఎదురుచూడాలి. ఆలస్యమైన ప్రతి పూర్తి పన్నెండు నెలలకు ప్రీమియం మీద 10 శాతం చొప్పున జరిమానా పడుతుంది, పార్ట్ బీ ఉన్నంతకాలం అది వెంటాడుతూనే ఉంటుంది.

పార్ట్ బీ ఉన్నవారందరికీ రిటైరీ ప్లాన్ ఒకేలా చెల్లిస్తుందా అంటే, అదీ కాదు. "మీది 80 శాతం ప్లాన్" అని చెప్పే మాటకు రెండు అర్థాలున్నాయి. ఆమోదిత మొత్తం 1,000 డాలర్లు అనుకుందాం. మెడికేర్ 800 ఇచ్చింది, 200 మిగిలింది. మొదటి రకం ప్లాన్ తన 80 శాతాన్ని, అంటే 800 వరకు ఇవ్వగల శక్తిని దగ్గర పెట్టుకుని, మిగిలిన 200 మొత్తాన్నీ చెల్లించేస్తుంది; మన చేతి నుంచి ఏమీ పోదు. రెండో రకం ప్లాన్ "మేము ఒక్కరమే ఉంటే 800 ఇచ్చేవాళ్లం, ఆ 800 మెడికేర్ ఇచ్చేసింది, కనుక మా వంతు సున్నా" అంటుంది. 200 మన మీద పడుతుంది. దీన్ని బిల్లింగ్ భాషలో కార్వ్ అవుట్ అంటారు. రెండు ప్లాన్ల ప్రకటన కాగితం మీదా అదే 80 శాతం అని ఉంటుంది, తేడా మాత్రం ప్లాన్ పుస్తకంలో "మెడికేర్‌తో సమన్వయం" అన్న అధ్యాయంలో ఉంటుంది. ఆ పుస్తకంలో మిగతా వంద పేజీలు చదవకపోయినా ఫరవాలేదు, ఆ అధ్యాయం మాత్రం చదవమని నా మనవి.

మెడికేర్ తన పని ముగించాక క్లెయిము రిటైరీ ప్లాన్‌కు దానంతట అదే వెళ్లే ఏర్పాటు ఒకటి ఉంది. దాన్ని క్రాస్ఓవర్ అంటారు. మన రెండో ఇన్సూరెన్సు సంస్థ మన పేరును మెడికేర్‌కు పంపి ఉంటేనే అది పనిచేస్తుంది. పనిచేస్తోందో లేదో తెలుసుకోవడం కష్టం కాదు: మెడికేర్ వివరణ పత్రంలో క్లెయిమును ఫలానా సంస్థకు పంపామన్న గమనిక ఉంటుంది. అది లేకపోతే ఆ పత్రం నకలును, డాక్టరు బిల్లును జతచేసి మనమే రిటైరీ ప్లాన్‌కు పంపవలసి రావచ్చు.

ఈ వివరణ పత్రం పేరు మెడికేర్ సమ్మరీ నోటీస్. దాని మీద "ఇది బిల్లు కాదు" అని ముద్రించి ఉంటుంది. అయినా దాన్ని చూసి చెక్కు పంపినవారున్నారు. బిల్లు కాదని రాసి ఉందిగదా అని చదవకుండా చెత్తబుట్టలో వేసినవారు ఇంకా ఎక్కువ. డాక్టరు సేవల పట్టికలో "మాగ్జిమమ్ యూ మే బీ బిల్డ్" అన్న గడి ముఖ్యమైనది. మన దగ్గర గరిష్ఠంగా ఎంత అడగవచ్చో అందులో ఉంటుంది. డాక్టరు ఆఫీసు బిల్లు వచ్చినప్పుడు సేవ తేదీని బట్టి ఈ పత్రంలోని వరుసను వెతికి పట్టుకుని, ఆ గడితో పోల్చాలి. ఆ తరువాత రిటైరీ ప్లాన్ పంపే వివరణ పత్రంలో వారు ఎంత చెల్లించారో చూడాలి. మొదటి అంకె నుంచి రెండో అంకె తీసివేస్తే మిగిలేదే మన బాకీ. బిల్లు అంతకంటే ఎక్కువ చూపిస్తే అది ఇంకా వరుస పూర్తికాకుండానే పంపిన బిల్లు అయి ఉంటుంది. బిల్లింగ్ ఆఫీసుల్లో కంప్యూటరు నిర్ణీత రోజులకు ఒక బిల్లు దానంతట అదే అచ్చువేసి పంపుతుంది; రెండో ఇన్సూరెన్సు జవాబు వచ్చిందా లేదా అని అది ఆగి చూడదు. మేము ఎన్నో పంపాం. అప్పుడు ఫోన్ చేసి, "నా సెకండరీకి క్లెయిము పంపారా, ఏ తేదీన పంపారు, వారి జవాబు ఏ కోడుతో వచ్చింది" అని అడగండి. తిరస్కరణ కోడు ముందు "పీఆర్" అని ఉంటే అది రోగి బాధ్యత, "సీఓ" అని ఉంటే డాక్టరు ఒప్పందం ప్రకారం వదులుకోవలసినది. ఈ రెండు అక్షరాల జతలు తెలిసిన మనిషి ఫోన్‌లో ఉన్నాడని గ్రహించగానే అవతలివారి స్వరం మారుతుంది.

కొన్ని కంపెనీలు రిటైరీలను మెడికేర్ అడ్వాంటేజ్ గ్రూప్ ప్లాన్‌కు, అంటే మెడికేర్ బదులు ప్రైవేటు ఇన్సూరెన్సు సంస్థ నడిపే ప్లాన్‌కు మార్చేశాయి. అలాంటివారికి పైన చెప్పిన రెండు మెట్లు ఉండవు. క్లెయిము నేరుగా ఆ ప్లాన్‌కే వెళ్లాలి. ఎరుపు, తెలుపు, నీలం రంగుల మెడికేర్ కార్డు ఇంట్లో జాగ్రత్తగా పెట్టి, ఆసుపత్రిలో ప్లాన్ కార్డు చూపాలి. అలవాటుగా పాత కార్డు ఇస్తే మెడికేర్ తిరస్కరిస్తుంది, ఆ తిరస్కరణే బిల్లుగా మారి మన ఇంటికి వస్తుంది. మందులకు రిటైరీ ప్లాన్ మీదే ఆధారపడేవారు, ఆ కవరేజీ మెడికేర్ మందుల భాగమైన పార్ట్ డీకి సమానమని తెలిపే ఉత్తరాన్ని ప్రతి ఏటా భద్రపరచుకోవాలి. 63 రోజులు అలాంటి కవరేజీ లేకుండా గడిస్తే అక్కడా జరిమానా ఉంది.

ఆసుపత్రిలో ఒక మాట అడిగి తీరాలి. మంచం మీద పడుకోబెట్టి, సెలైన్ పెట్టి, మూడు రాత్రులు ఉంచినా, మనం ఇన్‌పేషెంటు కాకపోవచ్చు. "అబ్జర్వేషన్" అన్న పేరుతో ఉంచితే అది లెక్కప్రకారం అవుట్‌పేషెంటు సేవ, పార్ట్ బీ కింద పడుతుంది. దాని వల్ల రెండు నష్టాలు. ఇంట్లో రోజూ వేసుకునే బీపీ మాత్రను ఆసుపత్రి నర్సు చేతికిస్తే, దాన్ని పార్ట్ బీ చెల్లించదు, ఆసుపత్రి ధరకు మన బిల్లులో చేరుతుంది. రెండోది పెద్దది: డిశ్చార్జి తరువాత కోలుకునేదాకా నర్సుల సంరక్షణలో ఉంచే స్కిల్డ్ నర్సింగ్ ఫెసిలిటీలో ఉండవలసి వస్తే, దానికి ముందు వరుసగా మూడు రోజులు ఇన్‌పేషెంటుగా ఉండి తీరాలని సంప్రదాయ మెడికేర్ నియమం, డిశ్చార్జి రోజు లెక్కలోకి రాదు. అబ్జర్వేషన్ రోజులు అందులో కలవవు. ఆ మూడు రోజులు ఉంటే మొదటి 20 రోజులు ఉచితం, 21వ రోజు నుంచి 100వ రోజు వరకు 2025 లెక్కన రోజుకు 209 డాలర్ల 50 సెంట్లు. లేకపోతే మొదటి రోజు నుంచే మొత్తం ఖర్చు మనది. అబ్జర్వేషన్ 24 గంటలు దాటితే ఆ సంగతి రాతపూర్వకంగా తెలియజేసి సంతకం తీసుకోవాలి. ఆ కాగితం మందుల చీటీల మధ్య వస్తుంది, నిద్రమత్తులో సంతకం పెట్టేస్తాం. పక్కన ఉన్న పిల్లలు డాక్టరుగారిని రెండో రోజు పొద్దున్నే "అమ్మను అడ్మిట్ చేశారా, అబ్జర్వేషన్‌లో ఉంచారా" అని అడగడం మేలు.

ఇన్‌పేషెంటు డిడక్టిబుల్ గురించి కూడా ఒక పొరపాటు అభిప్రాయం ఉంది. 2025లో అది 1,676 డాలర్లు. ఏడాదికి ఒక్కసారి కాదు. ఒక్కో "బెనిఫిట్ పీరియడ్‌"కు ఒకసారి. ఆసుపత్రి నుంచి, నర్సింగ్ ఫెసిలిటీ నుంచి బయటపడి వరుసగా అరవై రోజులు గడిచాక మళ్లీ చేరితే, అదే ఏడాదిలోనైనా మళ్లీ కట్టాలి.

మెడికేర్ తిరస్కరించిందని తెలిసినప్పుడు అది ఆఖరి మాట అనుకోకండి. మొదటి అప్పీలుకు నోటీసు అందిన నాటి నుంచి 120 రోజుల గడువు ఉంటుంది. సమ్మరీ నోటీసు మీద ఆ తేదీ ముద్రించే ఉంటుంది. తిరస్కరించిన వరుసకు సున్నా చుట్టి, ఎందుకు ఒప్పుకోవడం లేదో రెండు వాక్యాలు రాసి, డాక్టరు దగ్గర ఒక ఉత్తరం తీసుకుని జతచేస్తే చాలు. ఆ పైన మరో నాలుగు మెట్లున్నాయి, చివరిది ఫెడరల్ కోర్టు. నా అనుభవంలో చాలా తిరస్కరణలు మొదటి మెట్టు కూడా ఎక్కనవసరం లేనివి. డాక్టరు ఆఫీసు తప్పు కోడు వేసి ఉంటుంది, దాన్ని సరిదిద్ది మళ్లీ పంపితే తీరిపోతుంది. కనుక ముందు వారికే ఫోన్ చేయాలి. ప్రతి రాష్ట్రంలోనూ షిప్ అనే ఉచిత సలహా కేంద్రాలున్నాయి. అక్కడివారు ఏ ఇన్సూరెన్సూ అమ్మరు.

చివరిగా, మనలో చాలామంది చలికాలం ఇండియా వెళ్తాం. సంప్రదాయ మెడికేర్ అమెరికా బయట జరిగిన వైద్యానికి, బహు అరుదైన సందర్భాల్లో తప్ప, చెల్లించదు. మెడికేర్ వదిలేసిన వంతును భరించడానికి సొంతంగా కొనుక్కున్న కొన్ని మెడిగ్యాప్ ప్లాన్లు, ఉదాహరణకు జీ, ఎన్, ప్రయాణం మొదలైన మొదటి 60 రోజుల్లో వచ్చిన అత్యవసర వైద్యానికి 250 డాలర్ల డిడక్టిబుల్ తరువాత 80 శాతం, జీవితకాలంలో 50,000 డాలర్ల వరకు ఇస్తాయి. నాలుగు నెలలు ఉండేవారికి మూడో నెలలో వచ్చిన నొప్పికి అది పనికిరాదు. రిటైరీ ప్లాన్లలో కొన్ని విదేశీ వైద్యానికి ఇస్తాయి, కొన్ని ఇవ్వవు. ఇచ్చేవి కూడా వరుస ప్రకారం కాక, మనం ముందు కట్టి తరువాత తెచ్చుకునే పద్ధతిలో ఇస్తాయి. అక్కడ క్లెయిము పంపవలసింది మనమే. ఇండియాలో ఆసుపత్రి తరచుగా "ప్యాకేజీ" అని ఒకే అంకెతో రసీదు ఇస్తుంది, ఇక్కడి ప్లాన్ ఆ అంకెను చూసి వివరం కావాలంటుంది. ఏ తేదీన ఏ మందు, ఏ పరీక్ష, గదికి ఎంత, డాక్టరుకు ఎంత అని విడివిడిగా రాసిన బిల్లు, డిశ్చార్జి సమ్మరీ, చెల్లించిన రసీదు, ఈ మూడూ మంచం దిగకముందే, ఆసుపత్రి ముద్రతో చేతికి తెచ్చుకోవాలి. విమానం ఎక్కాక ఆ ముద్ర కోసం వాకబు చేయడం ఎంత కష్టమో మా బావమరిదిని అడగండి, ఇప్పటికి ఏడు నెలలుగా చేస్తున్నాడు.